పొర మారే చోట

నమోదు 1

బొమ్మల గది మూతపడే దాకా అందులో చేసిన ప్రతి పనీ రాసి పెట్టమని కంపెనీ ఆర్డరు. రాస్తున్నాను. రాయమన్నారే గాని ఎలా రాయాలో చెప్పలేదు కాబట్టి నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను. నచ్చనివాళ్లు చదవడం మానుకోవచ్చు.

నా పేరు మధునమ్మ. చంద్రుడి మీద మంచు తవ్వే గని ఇది, గనిని మేం బాయి అంటాం. మంచుబాయి కాలనీలో బొమ్మల గది చూసుకునేది నేనే. సెలవు షిఫ్టు నాడు జనం ఇక్కడికొచ్చి పెళ్లిళ్లు, పుట్టినరోజులు, పాత సినిమాలు చూసుకుంటారు. అన్నీ డిస్కుల మీదే ఉంటాయి. చిప్పుల్లో దాచుకుందామంటే చంద్రుడి మీద ఎండ పోటుకి అవి ఊరికే చచ్చిపోతాయి. డిస్కు చావదు. గీత పడకుండా, దుమ్ము పట్టకుండా చూసుకుంటే మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

ఈ పొద్దు పని: బయటి నుంచి లోపలికి వచ్చే దారిలోని దుమ్ము గదిలో బూట్లు, మోకాళ్లు, చేతి తొడుగులు బ్రష్షుతో దులుపుకున్నాను. తోటకూర ట్రేలకు నీళ్లు పెట్టాను. డిస్కులన్నీ కిందికి దింపి మెత్తటి గుడ్డతో తుడిచాను. ఇక్కడ పుట్టిన పిల్లలకు నడక కంటే ముందు తుడవడం వస్తుంది. ఇక్కడి దుమ్ము మెత్తటిది కాదు, గాజు పొడి లాంటిది. హెల్మెట్ అద్దం మీద పడితే అద్దం పోతుంది, ఊపిరితిత్తుల్లో పడితే మనిషి పోతాడు. అందుకే ఏ వస్తువు చేతికి వచ్చినా ముందు తుడుస్తాం, తర్వాతే అదేమిటో చూస్తాం.

తుడవడం అయ్యేసరికి తరలింపు ఆఫీసరు నిరంజన్ సారు వచ్చాడు. భూమి నుంచి కొత్తగా దిగినవాడు. ఇంకా అడుగు తీసి అడుగు వేస్తే పైకప్పుకు తల తగిలించుకుంటాడు. మనిషి మంచివాడే, మాట మెత్తన.

“మంచుబాయిలో మంచు అయిపోయింది కదమ్మా. చీకటి పడేలోపు అందరినీ కొత్త బాయికి తరలిస్తాం. అక్కడి రీడర్లన్నీ ఒక పొర డిస్కులే చదువుతాయి. మీ పెద్ద డిస్కులు రెండు పొరలవి. అవి ఇక్కడే ఉండిపోతాయి. ఇంటికొక ఖాళీ చిన్న డిస్కు ఇస్తాం. దాంట్లో ఏం నింపుకుని తెచ్చుకున్నా మీ ఇష్టం.”

“పెద్దది చిన్నదాంట్ల పడుతదా సారూ?”

“మా మెషిన్ కుదించి పట్టిస్తుంది. తేడా తెలియదు.”

తేడా తెలియదు అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. పొడిపాలు తెచ్చి ఇచ్చినప్పుడు విన్నాను, రెండు షిఫ్టుల గాలి సిలిండరును మూడు షిఫ్టులకు సర్దినప్పుడు విన్నాను. ఖాళీ డిస్కుల డబ్బా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఒక్కో డిస్కు మీద ఒక్కో ఇంటి నంబరు చెక్కి ఉంది.

నమోదు 2

ఆఫీసు మెషిన్ సంగతేమిటో తేల్చుకుందామని ముందుగా మూడో బాయి డిస్కునే ఇచ్చాను. మిగతావి ఎలా వచ్చినా పరవాలేదు. పెళ్లిలో మేనమామ మొహం కాస్త అలుక్కుపోతే కొంపలేమీ మునగవు. ఈ డిస్కు అలాంటిది కాదు.

బాయిలో గాలి ఉండదు, కాబట్టి మాట వినపడదు. హెల్మెట్లలో రేడియో ఉంది. ఆ రేడియోలో మాట్లాడే ప్రతి ముక్కా ముందు కంపెనీ చెవిలో పడి, తర్వాత పక్కవాడి చెవిలో పడుతుంది. అందుకని మా అమ్మల కాలంలోనే బాయి జనం చేతులతో మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు పైకి వచ్చి హెల్మెట్ తీశాక కూడా సగం తగాదాలు చేతులతోనే అవుతాయి.

ఆ చేతి మాటల్లో అన్నిటికంటే పెద్దది ఒకటుంది. అరచెయ్యి నిలువుగా చూపిస్తే, ఇక్కడ ప్రమాదం ఉంది, పోము అని అర్థం. తొడుగు చిటికెన వేలికి ఎర్ర పట్టీ కుట్టి ఉంటుంది. అరచెయ్యి చూపిస్తూ ఆ వేలు ఎన్నిసార్లు వంచితే అన్నోసారి చెప్తున్నట్టు. మూడోసారి చెప్పాక కూడా దింపితే, ఆ తర్వాత జరిగేదంతా దింపినవాడి మెడకే. దీన్ని మూడో చెప్పుడు అంటాం. ఏ నియమావళిలోనూ ఇది లేదు. అయినా ఇన్నేళ్లలో ఏ అధికారీ మూడో చెప్పుడు దాటి మనిషిని దింపలేదు, ఒక్క మూడో బాయి దగ్గర తప్ప.

చాలా ఏళ్ల కిందట, అలా దింపిన రోజునే మూడో బాయి గోడ కూలింది. ముఠా పెద్ద ఓదెలు సర్దారు, అతని మనుషులు, మొత్తం ఏడుగురు లోపలి ఆసరా గదిలో చిక్కుకున్నారు. రేడియో తెగిపోయింది. ఆ గది కెమెరా మాత్రం బతికి ఉంది. గాలి అయిపోయే దాకా ఏడుగురూ ఒకరి తర్వాత ఒకరు కెమెరా ముందుకు వచ్చి చేతులతో చెప్పాల్సింది చెప్పారు. ఎవరూ బయటపడలేదు. కంపెనీ విచారణ జరిపి, పనివాళ్ల అజాగ్రత్త అని తేల్చింది. ముందుగా ఎవరూ హెచ్చరించలేదని రాసింది. చేతులు ఊపితే సాక్ష్యం కాదట. తీర్పు వచ్చిన వెంటనే ఆరు ఇళ్లవాళ్లను తలో బాయికి పంపేసింది. ఓదెలు భార్య పోశవ్వ మాత్రం కదలను పొమ్మంది.

ఆ డిస్కును ఆఫీసు మెషిన్ కుదించి ఇచ్చింది. చూశాను. గది ఉంది, మనుషులు ఉన్నారు, మొహాలు కూడా తెలుస్తున్నాయి. తొడుగులకు మాత్రం వేళ్లు లేవు. ప్రతి చెయ్యీ ఉడికిన ఆలుగడ్డలా ఉంది. ఏడుగురు మనుషులు కెమెరా ముందుకు వచ్చి ఆలుగడ్డలు ఊపి వెళ్లిపోతున్నారు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది.

నమోదు 3

తరలింపు ఆఫీసుకు వెళ్లాను. అక్కడ జరిగిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను, రేపు ఎవరూ అనలేదనడానికి లేకుండా.

“సారూ, వేళ్లు పోయినయ్.”

“చాలా చిన్న తేడా అమ్మా. మనుషులు గుర్తుపట్టేలానే ఉన్నారుగా.”

“మనుషులను నేను కండ్లు మూసుకున్నా గుర్తువడుత. వాళ్లు జెప్పింది కావాలె నాకు.”

నిరంజన్ సారు కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

“ఆ విషయం పాతబడింది కదా. కొత్త బాయిలో నోటిమాట ఆచారాలు ఉండవు, రాసిన నియమాలే ఉంటాయి. మూడో చెప్పుడు అనేది ఎప్పుడైనా అమల్లో ఉందనడానికి ఆధారం లేదని పైవాళ్లు అంటున్నారు.”

“ఆధారం గీ డిస్కే గదా.”

“మరి దాన్ని కంపెనీ భాండాగారంలో ఉంచుదాం. భద్రంగా ఉంటుంది.”

“అప్పుడు మీకొక కాపీ ఇచ్చినం గదా సారూ. అదేమైంది?”

ఆయన కాసేపు బల్ల మీది కాగితాలు సర్దాడు. “వెతికించాను. దొరకడం లేదు,” అన్నాడు. అబద్ధం చెప్పలేదు, అందుకు సంతోషించాను.

“కొత్త బాయిల గోడల పరీక్ష అయిపోయిందా?”

“అది జరుగుతూ ఉంటుంది. షిఫ్టులు మాత్రం దిగిన మర్నాడే మొదలు.”

అంటే గోడ సంగతి ఎవరికీ తెలియదు, దిగేది మా వాళ్లు, పోము అని చెప్పే హక్కు ఇక్కడే వదిలేసి రావాలి. ఆ హక్కు ఉండేదని చూపించేది ఈ ఒక్క డిస్కు. ఇది వేళ్లతో సహా కొత్త బాయికి చేరి తీరాలి. నేను చేరుస్తాను.

నమోదు 4

గది తలుపు మూసుకుని పనిలో దిగాను. నా దగ్గరున్నది పాత మెషినే గాని దానికి బుద్ధి ఉంది. దాని చేత రెండు చూపుల పని చేయించవచ్చు. మొదటిసారి అది సినిమా అంతా ఊరికే చూస్తుంది, ఏమీ రాయదు. ఎక్కడ కదలిక ఉంది, ఎక్కడ గోడ ఊరికే నిలబడి ఉంది అన్నది గుర్తుపెట్టుకుంటుంది. రెండోసారి ఆ గుర్తును బట్టి జాగా పంచుతుంది. గోడకు తక్కువ, చేతులకు ఎక్కువ. ఆఫీసు మెషిన్‌కు అంత ఓపిక లేదు. అది వచ్చినదాన్ని వచ్చినట్టు గోడకూ వేలికీ ఒకే కోత కోస్తుంది.

ముందు చెత్త తీసేశాను. డిస్కు మొదట్లో కంపెనీ భద్రతా ప్రసంగం ఉంది, నాలుగు భాషల్లో. గోడ పగులు కనిపిస్తే వెంటనే పై అధికారికి తెలియజేయండి అని ఒకాయన నవ్వుతూ చెప్తాడు. దాన్ని కోసిపారేసినప్పుడు నాకు కలిగిన సుఖం ఇంతా అంతా కాదు. తర్వాత శబ్దం. రేడియో తెగిన గదిలో శబ్దమేముంటుంది, గర గర తప్ప. అదీ తీసేశాను.

ఇంత చేసినా చిన్న డిస్కులో పట్టలేదు. కారణం వెతికితే దుమ్ము. గోడ కూలిన రోజు కదా, ఆసరా గదిలో పైనుంచి దుమ్ము ఆగకుండా రాలుతూనే ఉంది. కెమెరా అద్దం మీద కూడా పడి ఉంది. మెషిన్‌కు ప్రతి నలుసూ కదిలే వస్తువే. జాగా అంతా నలుసులే తినేస్తున్నాయి. మెషిన్‌లో బొమ్మను తుడిచే మీట ఒకటుంది. సన్నగా అదిరేవన్నీ తీసేసి బొమ్మను నున్నగా చేస్తుంది. రెండోసారి ఆలోచించకుండా నొక్కాను.

పట్టింది. ఒక్క డిస్కులో మొత్తం పట్టింది. గది అద్దంలా ఉంది, వేళ్లన్నీ విడివిడిగా ఉన్నాయి. నిన్నటి ఆలుగడ్డలు గుర్తొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. నా వాటా టీ పొడి కొంచెం ఎక్కువే వేసుకుని చిక్కగా కాచుకుని తాగాను.

నమోదు 5

పోశవ్వ అత్తను పిలిచి చూపించాను. వరసకు అత్త కాదు, మా కాలనీలో పెద్ద వయసు ఆడవాళ్లందరూ నాకు అత్తలే. ఆమె రీడరుకు దగ్గరగా స్టూలు లాక్కుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చుంది. ఈ బొమ్మ ఆమె ఎన్నిసార్లు చూసిందో చెప్పలేను. ప్రతి సెలవు షిఫ్టుకూ వచ్చేది. అందరూ వెళ్లాక ఒక్కసారి పెట్టు బిడ్డా అనేది.

ఓదెలు సర్దారు కెమెరా ముందుకు వచ్చాడు. ఏ షిఫ్టుకు ఎవరు దింపారో చెప్పాడు. గోడ పగులు ఎక్కడ మొదలైందో చెప్పాడు. తర్వాత అరచెయ్యి ఎత్తి కెమెరాకు చూపించాడు. పోశవ్వ ముందుకు వంగింది. అలాగే చూస్తూ ఉండిపోయింది.

“మధునా, గిది ఆపు. ఎన్కకు తిప్పు.”

తిప్పాను. మళ్లీ చూసింది.

“మీ మామ ఏలు ఆడుతలేదు.”

“ఏది అత్తా?”

“చిటికెనేలు. ఎర్ర పట్టీ ఏలు. మూడుసార్లు వంచుతడు గదా గీడ. నువ్వేం జేసినవ్?”

నేను పెద్ద డిస్కు పెట్టి పక్కపక్కన చూశాను. అసలు బొమ్మలో దుమ్ము తెర వెనకాల ఆ ఎర్ర పట్టీ సన్నగా మూడుసార్లు అదురుతుంది. అప్పటికే గాలి తక్కువై ఉంటుంది, పూర్తిగా వంచలేకపోయాడు. కొద్దిగానే కదిలింది. సన్నగా అదిరేదంతా దుమ్మేనని మెషిన్ దాన్ని తుడిచేసింది. తుడవమన్నది నేను. నున్నటి, శుభ్రమైన, అద్దంలాంటి బొమ్మలో ఓదెలు సర్దారు అరచెయ్యి ఊరికే ఎత్తి నిలబడ్డాడు. మూడుసార్లు చెప్పాడన్న మాట ఎక్కడా లేదు.

కంపెనీ చేయలేని పని నేను చేసి పెట్టాను. భూమి మీద పుట్టిన ఏ మనిషీ ఈ తప్పు చేసి ఉండడు. దుమ్ము కనిపిస్తే చాలు, మాకు చేతులు ఆగవు.

“అత్తా, నాదే తప్పు,” అన్నాను. 

పోశవ్వ నన్ను తిట్టలేదు. స్టూలు వెనక్కి జరుపుకుంది. “నా కండ్లు ఇంకా మంచిగనే ఉన్నయ్,” అంది. “ఇంకోతీరుగ చెయ్యి. నేను మళ్ల జూస్త.”

నమోదు 6

ఇంకోతీరుగా చేశాను. ఇంకా రెండు మూడు తీర్లుగా కూడా చేశాను. దుమ్ము ఉంచి బొమ్మ సైజు తగ్గిస్తే వేలు ఉందో లేదో తెలియదు. దుమ్ము ఉంచి వెలుగు తగ్గిస్తే ఎరుపు నలుపైపోతుంది. దుమ్ము ఉంచి అన్నీ ఉంచితే సగం దాటాక ఆగిపోయి డిస్కు నిండింది అంటుంది మెషిన్. బయట కాలనీ సగం ఖాళీ అయింది. గదుల తలుపులు విప్పి బండ్లకు ఎక్కిస్తున్నారు. తోటకూర కోసి పంచేశారు. నాకు మాత్రం ఆ డబ్బాలో చిన్న డిస్కులు చూస్తేనే చిరాకు పుట్టింది.

పోశవ్వ ఈసారి పిలవకుండానే వచ్చింది. చేసినవేవీ చూపించలేదు, చూపించడానికి ఏమీ లేదు. “అసలుదే పెట్టు,” అంది. పెద్ద డిస్కు పెట్టాను. ఇద్దరం కూర్చున్నాం. ఆ డిస్కుకు ఇదే ఆఖరి ఆట కావచ్చని ఇద్దరికీ తెలుసు.

ఓదెలు సర్దారు మూడుసార్లు వేలు వంచాడు. చెయ్యి దించాడు. అక్కడ బొమ్మ కనురెప్పపాటు ఆగి మళ్లీ కదిలింది. తర్వాత అతను పక్కకు తప్పుకుంటే రెండో మనిషి ముందుకు వచ్చాడు.

“గీడ ఊపిరి వీల్చుకుంటడు,” అంది పోశవ్వ మెల్లగా. “గందుకే జర ఆగుతడు. నేను గుడ గీడ ఊపిరి వీల్చుకుంట. ఎప్పుడు జూసినా గంతే.”

అది ఊపిరి కాదు. పెద్ద డిస్కుకు రెండు పొరలుంటాయి, ఒకదాని మీద ఒకటి. రీడరు మొదటి పొర అంతా చదివి, చూపు సర్దుకుని రెండో పొరకు మారుతుంది. మారే చోట బొమ్మ ఆ కాస్త ఆగుతుంది. ఎప్పుడో ఈ డిస్కు చేసిన మనిషి, మాట మధ్యలో తెగకుండా సర్దారు మాట ముగిసిన చోటే పొర మార్చాడు. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు, వాళ్ల కడుపు చల్లగా ఉండాలి.

ఈ సంగతి పోశవ్వకు చెప్పలేదు. ఇన్నేళ్లు అక్కడ ఇద్దరూ కలిసి ఊపిరి తీసుకున్నారు. అది ఆమె సొంతం.

కానీ నా బుర్రలో ఏదో కదిలింది. రెండు పొరల డిస్కు. ఒక పొర డిస్కు. ఒక్క పొరలో ఉన్నది ఒక చిన్న డిస్కులో పడుతుంది, కుదించకుండా, తుడవకుండా, దుమ్ముతో సహా. పొర మారే చోట తెగ్గోస్తే రెండు చిన్న డిస్కులు. కుదించే పనే లేదు.

ఇది ఇంతసేపు నాకెందుకు తట్టలేదు? ఇంటికొకటి అని వాళ్లు చెప్తే నేను కూడా ఇంటికొకటి అనే లెక్కలోనే కొట్టుకున్నాను. పోశవ్వ మొగుడి మాట పోశవ్వ ఇంటి డిస్కులోనే పట్టాలని పంతం పట్టాను. ఓదెలు సర్దారు పోశవ్వ ఒక్కదాని కోసమే చెప్పాడా? మా అందరి కోసం చెప్పాడు. మోయడానికి మాత్రం పోశవ్వ ఒక్కతేనా? కోపం కంపెనీ మీద కాదు, నా మీద వచ్చింది.

“అత్తా, రెండు ఇండ్లు కావాలె,” అన్నాను.

“రెండే ఎందుకు?” అంది పోశవ్వ.

నమోదు 7

నిజమే, రెండే ఎందుకు? ఒక డిస్కు గీత పడితే, ఒక ఇంటిని వేరే బాయికి పంపిస్తే, ఒక కాపీ దొరకడం లేదంటే? వీలైనన్ని ఇళ్లు కావాలి. అందరినీ బొమ్మల గదికి రమ్మన్నాను. మిగిలి ఉన్నవాళ్లు వచ్చారు. సామాన్లు కట్టిన చేతులు, అలసిన మొహాలు. మూడో బాయి డిస్కు మొత్తం ఒకసారి వేశాను. తర్వాత అడగాల్సింది అడిగాను.

ఇది చిన్న కోరిక కాదని నాకు తెలుసు. ఇంటికి ఇచ్చిన ఆ ఒక్క డిస్కులో ఒకరికి అమ్మ ఉంది, ఒకరికి చనిపోయిన పాప ఉంది. అది వదిలి ఇది మోయమంటున్నాను. అందుకే నా డిస్కు ముందు బల్ల మీద పెట్టాను. అందులో మా అమ్మ వంట చేస్తూ కూనిరాగం తీస్తూ ఉంటుంది. దాన్నే చిన్నదానిలోకి ఎక్కించుకుని మురిసిపోయాను. అందరి ముందే చెరిపేసి మొదటి సగం ఎక్కించాను. 

తిరుపతి లేచాడు. ఒంటికాయ మనిషి. ఒక గది ఉంది కాబట్టి అతనూ ఒక ఇల్లే. భూమ్మీద ఎప్పుడో ఆడిన క్రికెట్ మ్యాచ్ ఎక్కించమని నా ప్రాణం తీసి ఎక్కించుకున్నాడు.

“అక్కా, నాది తీస్కో. మ్యాచ్ ఎవలు గెలిచిన్రో నాకు ఎర్కే గదా.”

అందరూ నవ్వారు. నవ్వాక కాస్త తేలికైంది. ఒక్కొక్కరూ ముందుకొచ్చి డిస్కులు పెట్టారు. కొందరు మొదటి సగం అడిగారు, కొందరు రెండోది. కొందరు తలుపు దగ్గరే నిలబడి బయటికి వెళ్లిపోయారు.

రజిత డ్రిల్లు తిప్పే పిల్ల, కొత్తగా పెళ్లయింది. డిస్కు చేతిలోనే పట్టుకుని నిలబడింది. “మధునక్కా, నా పెండ్లి నేను కొంటవోత. తప్పా?”

“తప్పేం లేదు బిడ్డా. తీస్కపో.”

మనస్ఫూర్తిగానే అన్నాను. పెళ్లి చూసుకుని సంతోషంగా ఉండేవాళ్లు కూడా ఆ కొత్త బాయిలో ఉండాలి. లేకపోతే మేం ఎవరి కోసం కొట్లాడుతున్నట్టు?

పోశవ్వకు మొదటి సగం తీసి పెట్టాను. ఆమె తోసేసింది.

“నాకు రెండోది ఇయ్యి.”

“మామ మొదటిదాంట్ల ఉన్నడు అత్తా.”

“ఎర్కే. అది నా దగ్గరుంటె ముసల్ది మొగుని బొమ్మ తెచ్చుకున్నదంటరు, కండ్లు తుడుసుకోమంటరు. ఆయనను మీరు మొయ్యున్రి. మిగిలిన ఆరుగురి ఇంటోళ్లు ఈడ లేరు. వాళ్లను నేను మోస్త.”

 రెండో సగం ఎక్కించి ఇచ్చాను. పెట్టి చూపించమంది. ప్రతి వేలూ చూసింది. దుమ్ము ఉంది, నలుసులు ఉన్నాయి, వెలుగు తక్కువగా ఉంది, ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంది. “ఇప్పుడు సరే,” అని డిస్కు చీర కొంగులో చుట్టుకుంది.

నమోదు 8

ఇది ఆఖరి నమోదు. గది మూసే పని మిగిలిందని వెనక్కి వచ్చి, బండి ఎక్కే ముందు దుమ్ము గదిలో కూర్చుని రాస్తున్నాను.

అందరం సూట్లు వేసుకుని, హెల్మెట్లు పెట్టుకుని బండ్ల దగ్గర వరుసగా నిలబడ్డాం. గాలి లేని చోటు కాబట్టి మాట రేడియోలోనే. నిరంజన్ సారు ఒక్కో ఇంటి డిస్కు తీసుకుని చేతిలోని యంత్రంలో పెట్టి, నంబరు సరిచూసి తిరిగి ఇస్తున్నాడు. యంత్రం లోపల ఏముందో కూడా చూపిస్తుంది. మొదటి నాలుగైదు డిస్కులకు ఏమీ అనలేదు. తర్వాత ఆగాడు.

“ఇదేమిటి, అందరిదీ ఒకటే బొమ్మ?” రేడియోలో అతని గొంతు. “మూడో బాయి మొదటి సగం, రెండో సగం, మళ్లీ మొదటి సగం. మీకు పెళ్లిళ్లు లేవా, పిల్లలు లేరా?”

“ఉన్నరు సారూ,” అన్నాను. “గందుకే ఇది కొంటవోతున్నం.”

“నేను దీన్ని ఆపాల్సి వస్తుందేమో.”

“ఇంటికొకటి అన్నది మీరే. ఏం నింపుకున్నా మీ ఇష్టం అన్నది మీరే. మేం మీ మాటే విన్నం.”

ఆయన డిస్కును చేతిలో అటూ ఇటూ తిప్పాడు. పై ఆఫీసును అడుగుదామా అని ఆలోచించినట్టున్నాడు. బండి డ్రైవరు హారన్ లైటు వెలిగించాడు. చివరికి డిస్కు తిరిగి ఇచ్చేసి తర్వాతి మనిషిని రమ్మన్నాడు. రజిత పెళ్లి వచ్చినప్పుడు అతని మొహంలో కాస్త ఊరట కనిపించింది, పాపం.

వరుసలో ఆఖరున పోశవ్వ. డిస్కు ఇచ్చింది. నిరంజన్ సారు యంత్రంలో చూసి తల ఎత్తాడు.

“అమ్మా, మీ వారు మొదటి సగంలో కదా ఉన్నారు. మీకు రెండోది వచ్చింది. పొరపాటున మారిందేమో, మార్చి ఇప్పించమంటారా?”

నేను ఉలిక్కిపడ్డాను. ఏ సగంలో ఎవరున్నారో ఆయనకు ఎలా తెలుసు? చూశాడన్నమాట. కుదించమని నేను డిస్కు ఇచ్చినప్పుడే ఒంటరిగా కూర్చుని మొత్తం చూశాడు. అయినా అక్కడ నిలబడి మమ్మల్ని గోడల పరీక్ష కాని బాయిలోకి పంపిస్తున్నాడు. మంచివాడే. మంచితనం ఒక్కటే ఉంటే ఎవరికీ పనికి రాదని ఆ క్షణంలో గట్టిగా అనిపించింది.

పోశవ్వ రేడియోలో జవాబివ్వలేదు. ఆమె ఎప్పుడూ రేడియోలో మాట్లాడదు. డిస్కు తీసుకుని జేబులో పెట్టుకుంది. అరచెయ్యి ఎత్తి ఆయన హెల్మెట్ అద్దం ముందు నిలువుగా నిలబెట్టింది. ఎర్ర పట్టీ ఉన్న చిటికెన వేలు నిదానంగా, పూర్తిగా వంచి, మళ్లీ చాపింది. ఒక్కసారి.

బండి మెట్ల మీద ఉన్న తిరుపతి చెయ్యి ఎత్తాడు. వేలు ఒక్కసారి వంచాడు. కిటికీ లోపలి నుంచి రజిత ఎత్తింది. బండి కిటికీల నిండా అరచేతులు లేచాయి, ప్రతి ఎర్ర పట్టీ ఒక్కసారి వంగింది. నా చెయ్యి ఎప్పుడు లేచిందో నాకే తెలియదు.

నిరంజన్ సారు అటూ ఇటూ చూశాడు. “ఆమె ఏమంటోంది?” అని నన్ను అడిగాడు. గొంతులో తడబాటు ఉంది. తెలిసే అడిగాడనిపించింది.

“కొత్త బాయి గోడ జూడకుండ మేం దిగం అని చెప్తున్నది సారూ,” అన్నాను. “ఇది మొదటిసారి.”